ఎన్ని రోజులైంది?

మొన్న చీరాల నుంచి గుంటూరు వస్తుంటే బస్సులో ఒక పిల్ల మెడలో గొలుసు చూసి అరిచేశాను. ఆరేళ్ళుంటాయేమో. తల్లి ఒళ్ళో కూర్చుని ఉంది. ఎడమ దవడ కింద వాచింది. ఆ వాపు మీద పడేటట్టు పెద్దవాళ్ళ గొలుసొకటి రెండు పేటలుగా మడిచి వేశారు. వాళ్ళు బాపట్లలో ఎక్కారు. పొన్నూరు దాకా పళ్ళు బిగపట్టుకుని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

"ఎన్ని రోజులైంది?" అన్నాను.

తల్లి ఉలిక్కిపడింది. "ఏందండీ?"

"ఆ వాపొచ్చి ఎన్ని రోజులైంది అంటున్నా. ముందా గొలుసు తీసెయ్."

బస్సులో ఒక మగాడు లేచి నిలబడి గొలుసు తియ్యమని అరిస్తే జనం ఊరుకుంటారా? వెనక సీటతను నా చొక్కా పట్టుకున్నాడు. కండక్టరు టికెట్ల సంచి సర్దుకుంటూ వచ్చి, "ఏంది పెద్దాయనా, ఒంట్లో బాగుందా?" అన్నాడు. నాకు నలభై దాటి ఎంతో కాలం కాలేదు. పెద్దాయన అనిపించుకునేంతగా కనపడ్డానేమో.

ఆ రెండు మాటలూ నావి కావు. 'ఎన్ని రోజులైంది', 'గొలుసు తీసెయ్' అనేవి ఇరవై ఏళ్ళపాటు గుంటూరులో ఒక మేడమెట్ల పక్క గదిలో మోగిన మాటలు. ఆ మాటల మనిషి పెద్దకర్మ భోజనం చేసి, ఆ చేత్తోనే బస్సెక్కాను.

ఆవిడ పెథాలజీ డాక్టరు. శరీరంలో గడ్డ ఎక్కడున్నా సన్నటి సూది గుచ్చి, వచ్చినదాన్ని గాజుపలక మీద పూసి, రంగులు వేసి, మైక్రోస్కోపులో చూసి అదేమిటో చెప్పే పని. నేను ఆవిడ దగ్గర టెక్నీషియన్‌గా పదకొండేళ్ళు చేశాను. పూయడం, రంగులు వేయడం నాది. చూడటం, తిట్టడం ఆవిడది. ఊళ్ళో సూది డాక్టరమ్మ అనేవాళ్ళు. పేరు రాయను. తన పేరు నలుగురి నోళ్ళలో నానడం ఆవిడకి గిట్టేది కాదు.

పొట్టి మనిషి. గంజి పెట్టిన చీరాల నూలు చీర, కొంగు నడుంలోకి దోపి ఉండేది. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే. మైక్రోస్కోపులో తల పెట్టినప్పుడు కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకుంటూ ఉండేవి, కనపడని దారమేదో పురి పెడుతున్నట్టు. అలా రుద్దుకుంటున్నంతసేపు నేను ఊపిరి కూడా గట్టిగా తీసేవాణ్ణి కాదు. వేళ్ళు ఆగాయంటే రిపోర్టు తేలినట్టే.

మనిషి లోపలికి రాగానే పేరడగదు, ఊరడగదు. "ఎన్ని రోజులైంది?" అంతే. మా జిల్లాల జనం రోజులు ఎక్కడ చెబుతారు? "పత్తి రెండో తీతప్పుడమ్మా" అంటారు. "కాయలు కల్లంలో ఆరబోసినప్పుడు కనపడిందండీ" అంటారు. ఆవిడ చీరాల నేతపని వాళ్ళింటి బిడ్డ, పొలం మొహం చూసిన మనిషి కాదు. అయినా ఆ లెక్కలన్నీ నేర్చుకుంది. రెండో తీతంటే ఏ నెల, మిరప రెండో కోతంటే ఏ నెల, వేళ్ళ మీద లెక్కపెట్టి "నూట పదిరోజులు" అనేది. అంటూనే మొహం ఎర్రబడేది. "నూట పదిరోజులు ఏం చేశారయ్యా? మిరపచేలో ఆకు ముడత కనపడితే తెల్లారేసరికి మందు కొడతారే. పెళ్ళాం మెళ్ళో గడ్డ కనపడితే కోతలయ్యేదాకా ఆగాలా?"

డాక్టర్లని కూడా వదిలేది కాదు. ఫోన్లో ఎంత పెద్ద సర్జనున్నా ఒకటే. "మెడలో గడ్డ కనపడగానే సూదైనా పెట్టకుండా టీబీ మాత్రలు రాసేస్తే నేనెందుకిక్కడ, గాజుపలకలు కడగటానికా?" ఆ మాటకి ఎంతమంది డాక్టర్లు పేషంట్లని పంపడం మానేశారో నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. ఊళ్ళల్లో సైకిలు మీద తిరిగే వైద్యులు స్టిరాయిడ్ ఇంజక్షను పొడిచి పంపిన కేసులొస్తే ఇక పూనకమే. ఆ ఇంజక్షనుతో గడ్డ నాలుగురోజులు కరిగినట్టు కరిగి, లోపల ఏముందో చెప్పకుండా చేసి, మళ్ళీ రెట్టింపుగా వస్తుంది. "సాక్షిని చంపేసి నా దగ్గరకి పంపించాడు వెధవ" అనేది.

పిల్లలతో మాత్రం ఒక పద్ధతి ఉండేది. నొప్పుండదమ్మా అని ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. "నొప్పుంటుంది. పది లెక్కపెట్టు, అయిపోద్ది" అనేది. పిల్లలు పది లెక్కపెట్టేవాళ్ళు. పది లోపల అయిపోయేది. మాట తప్పడం నేను చూడలేదు.

ఇక గొలుసు సంగతి. మా వైపు పిల్లలకి గవదబిళ్ళలు లేస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. ఇంట్లో లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చి వేస్తారు. అడిగితే ఎవరూ కాదనరు, అది మా మర్యాద. పదిరోజుల్లో వాపు పోతుంది. గవదలు ఎలాగూ పదిరోజులకి పోయేవే, పేరు గొలుసు కొట్టేస్తుంది. తొంభైతొమ్మిది మందికి ఏ నష్టమూ లేదు. నూరోవాడి మెడలో ఉన్నది గవద కాదు. వాడు ఆవిడ దగ్గరకి వచ్చేసరికి గొలుసు ఆ వాపులో కూరుకుపోయి ఉంటుంది.

గొలుసుతో పిల్లలు లోపలికి రాగానే ఆవిడ కుర్చీలోంచి లేచేది. ఇంకెవరినీ తీయనిచ్చేది కాదు. తనే కొక్కెం ఊడదీసి తండ్రి చొక్కా జేబులో పడేసేది. "దీన్ని బీరువాలో పెట్టుకో. పిల్లాణ్ణి నాకియ్యి. బంగారం చూసి లోపల పెరిగేది సిగ్గుపడి ఆగుద్దా?" తర్వాత ఆ తల్లి చెయ్యి పట్టుకుని వాపు మీద పెట్టించేది. "గవద మెత్తగుంటది. ముట్టుకుంటే పిల్ల ఏడుస్తది. ఇది రాయిలాగుంది, ముట్టుకుంటే ఊరుకుంది. చూశావా? ఏడిపించని వాపుని నమ్మబాకండి."

ఒకసారి అడిగాను, ఎందుకు మేడం వాళ్ళమీద అంత కోపం, చదువులేని వాళ్ళు కదా అని. నా వైపు తిరిగింది. "మందు లేని జబ్బు మీద నాకు కోపం లేదబ్బాయ్. దాన్నేం చేస్తాం. పిల్లలకి దవడలో వచ్చే ఈ రకం లింఫోమా కాన్సరు ఉందే, ఇది రోజురోజుకీ రెట్టింపవుద్ది. అంత వేగంగా పెరుగుద్ది కాబట్టే మందుకి అంత తొందరగానూ కరుగుద్ది. మందున్న జబ్బుతో పిల్లలు పోతున్నారు. అదీ నా కోపం." ఇది ఎక్కడో ఆఫ్రికాలో మలేరియా ఉన్నచోటే వస్తుందని పుస్తకాల్లో ఉండేదట. మనకి రాదని మనవాళ్ళ ధీమా అనేది.

ఇవన్నీ రోజూ విన్నాను. పదకొండేళ్ళలో అప్పటికి అయిదేళ్ళు విన్నాను. ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను.

పదేళ్ళ కిందటి మాట. మా అక్కని దర్శి దగ్గర పల్లెటూరికిచ్చారు. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టి ఊరంతా చేలల్లోనే ఉంది. ఆదివారం చూసొద్దామని వెళ్ళాను. అక్క కూతురు చిన్నికి అయిదున్నరేళ్ళు. ఎడమ దవడ ఉబ్బి ఉంది. ఊళ్ళో బడిపిల్లలకి గవదలు తిరుగుతున్నాయి.

"నీ గొలుసియ్యరా నాలుగురోజులు" అంది అక్క. దాని మెళ్ళో పుస్తెలతాడు తప్ప గొలుసు లేదు. తాడు తియ్యకూడదు కదా. నా మెళ్ళో పెళ్ళికి మా అత్తవారు పెట్టిన గొలుసుంది.

చిన్నిని దగ్గరకి పిలిచి దవడ మీద చెయ్యి వేశాను. ఏడవలేదు. వేలితో నొక్కాను. ఏడవలేదు. రాయిలాగుంది.

"మావయ్యా, నా పన్ను ఊగుతోంది తెలుసా" అని నోరు తెరిచి చూపించింది, గొప్పగా. పాలపళ్ళు ఊడే వయసేలే అని నవ్వాను. పాలపళ్ళు ముందువి కదా మొదట ఊగేది? అది చూపించింది వెనక దంతం, దవడలో గడ్డ పెరిగితే కదిలేది. ఆ సంగతి నా కళ్ళు చూశాయి.

నాకు తెలుసు. ఇన్నాళ్ళూ తెలియలేదని చెప్పుకుంటూ వచ్చాను కానీ నా వేళ్ళకి తెలుసు. ఆ అయిదేళ్ళలో ఎన్ని దవడలు పట్టుకోలేదు నేను, ఆవిడ సూది దించుతుంటే? అయినా గవదే అయితే బాగుండును అనుకున్నాను. బాగుండును అనుకుని, గొలుసు తీసి, రెండు పేటలుగా మడిచి, నా చేత్తో చిన్ని మెడలో వేశాను. అది అద్దం దగ్గరకి పరిగెత్తింది.

గుంటూరు వచ్చి మేడానికి చెప్పలేదు. చెబితే తిడుతుంది. గొలుసు నువ్వే వేశావా అని అందరి ముందూ దులిపేస్తుంది. ఆ తిట్లకి భయపడి నోరు మూసుకున్నాను. రోజూ ఆవిడ ఎదురుగానే కూర్చుని, బోసి మెడతో, పలకలకి రంగులు వేశాను. పంతొమ్మిది రోజులు.

పంతొమ్మిదో రోజు బావ చిన్నిని భుజాన వేసుకుని, అక్క వెనకాల సంచితో, ల్యాబు మెట్లెక్కారు. దవడ వాపు కంటిదాకా పాకింది. నోరు సరిగా తెరుచుకోవడం లేదు. మేడం లేచింది. ఎప్పట్లాగే కొక్కెం మీద చెయ్యి వేసింది. ఆగింది. ఆ గొలుసు అయిదేళ్ళుగా రోజూ ఆవిడ కళ్ళముందు వేలాడిందే. రంగుల గిన్నెలో పడుతోంది లోపలికి వేసుకో అని ఎన్నిసార్లు చెప్పిందో.

తీసింది. బావ జేబులో పడెయ్యలేదు. నా దగ్గరకి వచ్చి నా అరచేతిలో పెట్టింది.

"ఎన్ని రోజులైంది?"

"పంతొమ్మిది మేడం."

"సూది పట్రా."

అంతే. ఒక్క మాట అనలేదు. నేను ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆవిడ చిన్ని వైపు తిరిగి, "నొప్పుంటుంది. పది లెక్కపెట్టు" అంది. చిన్ని ఆ బిగిసిన నోటితోనే పది లెక్కపెట్టి, ఆగకుండా పదకొండు, పన్నెండు అని ఇరవైదాకా పోయి, "నాకు ఇరవైదాకా వచ్చు" అంది. పలక మీద పూసింది నేను. రంగు వేసింది నేను. ముదురు నీలం కణాలు, వాటిలో సూదిబెజ్జాల్లాంటి తెల్లచుక్కలు. ఆవిడకంటే ముందు నేనే చూశాను. ఆవిడ తల పెట్టాక వేళ్ళు రుద్దుకోనే లేదు.

ఆ సాయంత్రం ఆవిడ బల్ల మీది లావుపాటి పుస్తకం తీసి ఆ పేజీలు చదివాను. ఎందుకొచ్చింది, ఎందుకొచ్చింది అని అక్క పొద్దుటినుంచీ అడుగుతోంది. ఎవరిమీదో ఒకరిమీద పడెయ్యాలని నాకూ ఉంది. పుస్తకంలో ఒక వైరస్ ఉంది. ఉమ్మితో వ్యాపిస్తుందని ఉంది. అది పట్టుకుని పోయి బావకి చెప్పాను, పెద్ద తెలిసినవాడిలాగా.

మర్నాడు రిపోర్టుకి, హైదరాబాదు పెద్దాసుపత్రికి రాసిన ఉత్తరానికి అందరూ వచ్చారు. బావ వాళ్ళమ్మ కూడా వచ్చింది. వరండాలో అక్కని పట్టుకుని, "అన్నం నమిలి పెట్టొద్దంటే విన్నావా? నీ ఎంగిలే చుట్టుకుంది నా మనవరాలికి. తల్లివి కాదు, శనివి" అంటోంది. అక్క గోడకానుకుని నేలమీద కూలబడింది. నమ్మేసింది.

లోపల్నుంచి మేడం వచ్చింది. అంత కోపం నేను అంతకుముందు చూడలేదు. గొంతు మాత్రం పెరగలేదు.

"ఎవరు చెప్పారు ఎంగిలని?"

బావ నా వంక చూశాడు. మేడం నా వంక చూడలేదు. ఆ పెద్దావిడ పక్కన బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, ఆ పురుగు నీకుంది. నాకుంది. ఇదుగో నీ కొడుక్కుంది. ఈ వీధిలో పోయేవాళ్ళందరిలోనూ ఉంది. చిన్నప్పుడే వచ్చి చేరుద్ది, చచ్చేదాకా పోదు. మనల్నేమైనా చేసిందా? ఇదే జబ్బు ఆ పురుగు లేకుండా కూడా కొందరికొస్తది. నీ కోడలు నమిలి పెట్టకపోయినా ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చేదే."

"మరి మా పిల్లకే ఎందుకమ్మా?" అంది పెద్దావిడ.

మేడం రెండు వేళ్ళూ పైకెత్తి చూపించింది. "మగ్గం చూశావా ఎప్పుడైనా? ఒక పడుగు నేసేశాక, పాత పోగుల కొసలకి కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే అతకాలి. వేలపోగులు. మా అమ్మ వేళ్ళకి బూడిద రాసుకుని పొద్దస్తమానం అదే చేసేది. మన రక్తంలో తెల్లకణం ఉందే, అదీ నేతపనే చేస్తది. కొత్త రోగం వచ్చినప్పుడల్లా దానికి కొత్తరకం గుడ్డ నెయ్యాలి. అందుకని తన పోగులు తనే తెంపి, తనే మళ్ళీ అతుక్కుంటది. ఒంట్లో ఇంకే కణమూ ఆ పని చెయ్యదు. ఆ పురుగు చేసిందల్లా దాన్ని నిద్రపోనివ్వకపోవడం. నెయ్యి, నెయ్యి అని పొడుస్తా ఉంటది. అంత పని మీద ఒక పోగు తప్పింది. పక్క మగ్గం పోగు తెచ్చి ఇక్కడ అతికింది. 'పెరుగు' అని చెప్పే పోగది. మామూలుగా అవసరమైతేనే పలికేది, ఎప్పుడూ మోగుతుండే చోట పడింది. ఇక ఆగదు."

పెద్దావిడ నోరు తెరుచుకుని వింటోంది. అక్క తలెత్తింది.

"మా అమ్మకీ తప్పేది పోగు" అంది మేడం. "ఎవరి పాపమది? ఎవరిదీ కాదు. వెంటనే కనిపెడితే తెంపి సరిగ్గా అతికేది. కనిపెట్టకపోతే చీర పొడుగూతా అదే తప్పు. పోగు తప్పడం పాపం కాదమ్మా. చూసి ఊరుకోవడం పాపం." లేచి, అక్క భుజం పట్టుకుని నిలబెట్టింది. "నువ్వు తిండి పెట్టావు. అంతకంటే ఏమీ చెయ్యలేదు. బండెక్కు, ఆలస్యం చెయ్యబాక."

అప్పుడు కూడా నా వంక చూడలేదు.

హైదరాబాదులో మొదటి విడత మందుకి నాలుగురోజుల్లో వాపు మంచులా కరిగిపోయింది. ఎస్టీడీ బూత్ నుంచి అక్క ల్యాబుకి ఫోన్ చేసి, "గవదలాగే పోయిందిరా" అని ఏడ్చింది. రెండో విడత మధ్యలో చిన్ని పోయింది. అప్పటికే మెదడుకి పాకి ఉందట. ఇంకో పదిహేను రోజులు ముందొచ్చుంటే అన్నాడట అక్కడి డాక్టరు. పంతొమ్మిదిలో పదిహేను తీసేస్తే నాలుగు. నాలుగు రోజుల్లో చెప్పినా సరిపోయేది. ఆ తీసివేత నేను ఈ పదేళ్ళలో ఎన్నిసార్లు చేశానో దేవుడికే తెలియాలి.

కర్మకాండలయ్యాక పనిలోకి వచ్చాను. ఇవాళ తిడుతుంది, ఇవాళ తిడుతుంది అని రోజూ అనుకునేవాణ్ణి. తిట్టలేదు. పేషంట్లని తిట్టింది, డాక్టర్లని తిట్టింది, కరెంటు పోతే కరెంటు వాళ్ళని తిట్టింది. నాతో మాత్రం, "రంగు పల్చగుంది చూడు", "టీ తాగావా" అంతే. నాకు మండిపోయేది. ఒకరోజు కావాలనే గాజుపలకల పెట్టె చేతిలోంచి జారవిడిచాను. యాభై పలకలు నేలమీద ముక్కలయ్యాయి. ఆ చప్పుడుకి వీధిలో వాళ్ళు తొంగి చూశారు. మైక్రోస్కోపులోంచి తల తీయకుండా, "కాళ్ళకి గుచ్చుకుంటాయ్, చెప్పులేసుకుని ఊడ్చు" అంది. ఊడుస్తూ ఆవిణ్ణి మనసులో తిట్టుకున్నాను. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆవిడ నోట్లో పడనివాడు లేడు. నేనేం తక్కువ చేశాను?

షుగరు కళ్ళ మీద దెబ్బ కొట్టడంతో నాలుగేళ్ళ కిందట ల్యాబు మూసేసి చీరాలలో తమ్ముడింటికి వెళ్ళిపోయింది. నేను ఇంకో ల్యాబులో చేరాను. పోయినేడు ఒకసారి చూడటానికి వెళ్ళాను. ముందు గదిలో మగ్గం ఆడుతోంది. వెనక వసారాలో ఆవిడ నేలమీద కూర్చుని, పక్కన చిప్పలో బూడిద పెట్టుకుని, పడుగు అతుకుతోంది. కళ్ళు దాదాపు కనపడవు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఒక్క మెలి, ఇంకో పోగు, ఇంకో మెలి. ఆ వేళ్ళు పదకొండేళ్ళు నా ఎదురుగా ఏం చేశాయో అప్పుడు చూశాను.

"రా అబ్బాయ్. అడుగు చప్పుడు నీదే" అంది. అవీ ఇవీ మాట్లాడుకున్నాం. టీ వచ్చింది. ఇక ఆగలేక అడిగేశాను.

"మేడం, ఆరోజు నన్నెందుకు తిట్టలేదండీ?"

ఏరోజు అని అడగలేదు. పోగు కొస వెతుక్కుంటూ చెప్పింది.

"తెలియని వాళ్ళని తిడతానబ్బాయ్. తిడితే తెలుసుకుంటారని. నీకు తెలుసు. తెలిసినవాణ్ణి తిట్టి ఏం చేసుకోను?"

టీ అక్కడే పెట్టి వచ్చేశాను. రైలు స్టేషనుదాకా నడుస్తూ ఏడ్చాను. బాధతో కాదు, ఉక్రోషంతో. ఆ ఒక్క మాట పదేళ్ళ కిందట అనేసి ఉంటే, చెంప మీద ఒకటి కొట్టి ఉంటే, నేనెక్కడో ఒకచోట కుదురుకునేవాణ్ణి కదా. ఇంత నిలబెట్టి ఉంచడం న్యాయమా? ఆ కోపంతోనే మళ్ళీ వెళ్ళలేదు. మళ్ళీ వెళ్ళింది పెద్దకర్మకే.

ఇప్పుడు బస్సు సంగతి. కండక్టరుకీ, ఆ తల్లికీ దణ్ణం పెట్టి నేను ఫలానా అని చెప్పుకున్నాను. మా మేనకోడలి సంగతి చెప్పాను. ఆ తల్లి మొహం పాలిపోయింది. గొలుసు తీసి చేతిసంచిలో వేసుకుని, పిల్లని గట్టిగా పట్టుకుంది. గుంటూరులో దిగగానే ఆటో మాట్లాడి తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరకి నేనే తీసుకెళ్ళాను. దారంతా ఆవిడ ఏడుపే. అన్నప్రాశన భోజనానికి పోతున్నారట పాపం, సంచిలో కొత్త గౌను ఉంది. రెండు గంటలు కూర్చున్నాం.

డాక్టరు పిల్ల రెండు దవడలూ నొక్కాడు. నొక్కగానే పిల్ల కెవ్వుమంది. నోరు తెరిపించి పళ్ళన్నీ కదిపి చూశాడు. ఒక్కటీ ఊగలేదు. ఏడిపించే వాపే అది. బస్సులో నేను ముట్టుకుని చూడనే లేదు. గొలుసు చూశాను, అరిచాను.

"గవదలేనమ్మా. కుడివైపు కూడా మొదలవుతోంది చూడు. జ్వరానికి మందిస్తాను, వారం పదిరోజుల్లో తగ్గుతుంది" అన్నాడు డాక్టరు.

బయటికి రాగానే ఆ తల్లి మొదలుపెట్టింది. ఆసుపత్రి మెట్ల మీద, నలుగురూ వింటుండగా.

"ఏమయ్యా, నీకేమన్నా బుద్ధుందా? తెలిసీ తెలియని మాటలు మాట్లాడి జనాన్ని చంపుదామనుకున్నావా? నా గుండె ఆగిపోయింది గదయ్యా. మా ఆయనకి ఏం చెప్పుకోవాలో, పిల్ల పోయినాక ఎట్టా బతకాలో అన్నీ అనుకుంటా కూర్చున్నా ఇంతసేపు. తెలియకపోతే నోరు మూసుకోవాలి. బస్సులో కనపడినోళ్ళ మీద పడి అరవటమేనా? మనిషివా, పశువువా?"

తలొంచుకుని నిలబడ్డాను. ఆవిడ ఇంకా తిడితే బాగుండుననిపించింది. ఆవిడ ఆయాసంతో ఆగితే, అప్పుడే అయిపోయిందా అనిపించింది. తెలియనివాడా అని నన్ను ఒక మనిషి తిడుతోంది. మెట్ల పక్క గోడ పట్టుకుని అట్లా వింటూనే ఉన్నాను. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి ఆవిడే తగ్గింది.

చేతిసంచిలోంచి గొలుసు తీసి, నా కళ్ళలోకి చూస్తూ, మళ్ళీ పిల్ల మెడలో వేసింది. రెండు పేటలుగా మడిచి వేసింది. పిల్లని చంకనెత్తుకుని మెట్లు దిగింది. ఆటో ఎక్కబోతూ ఆగి వెనక్కి తిరిగింది.

"ఎన్ని రోజులు చూడమన్నాడయ్యా?" అంది.

"పది" అన్నాను.